పై పొర పరీక్ష కోసం

పదిహేను రోజులుగా నేను ఉదయం నడక ముగించుకుని ఇంటికి చేరేసరికి మా బావమరిది కోడంబాక్కం నుంచి వచ్చి ముందుగదిలో కూర్చుని ఉంటున్నాడు. టి.నగర్ వెంకటనారాయణ రోడ్డులోని నటేశన్ పార్కులో నాలుగు చుట్లు తిరిగి, అదే రోడ్డులో ఉన్న తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడిలో స్వామికి దండం పెట్టుకుని నేను వచ్చేలోగా మా ఆవిడ తమ్ముడికి కాఫీ ఇస్తుంది. అతను ఆ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతిలోని ఫోనులో షేరు ధర చూస్తూ ఉంటాడు. నన్ను చూడగానే "బావగారూ, ఏమైనా తెలిసిందా?" అంటాడు. ఇంకా లేదంటాను. "బావి తవ్వడం అయిపోయింది కదండీ, నూనె ఉందో లేదో చెప్పడానికి ఇన్నాళ్లు ఎందుకు?" అని అడుగుతాడు. రోజుకో ముక్కగా నేను చెబుతూ వస్తున్న జవాబును ఒక్కచోట వివరంగా రాయాలనిపించింది. చమురు కోసం ఆ బావి తవ్విన చిన్న కంపెనీ షేర్లు కొన్నవాళ్లు ఈ ఊళ్లో నాకు తెలిసిన తెలుగువాళ్లలోనే ఏడెనిమిది మంది ఉన్నారు, అందరి ప్రశ్నా ఇదే.

కంపెనీ పేరు ఇక్కడ రాయను. గోదావరి డెల్టాలో వరిచేలకూ కొబ్బరితోటలకూ మధ్య అది ఒక అన్వేషణ బావి తవ్వింది. నెలన్నర కిందట స్టాక్ ఎక్స్చేంజీకి పంపిన ప్రకటనలో బావి అనుకున్న లోతుకు చేరిందనీ, మూడు ఇసుక పొరల్లో హైడ్రోకార్బన్ (నూనె, గ్యాసు) జాడలు కనిపించాయనీ, కేసింగ్ అనే ఉక్కు గొట్టం దించి సిమెంటు వేశామనీ, ఇక పరీక్షలు మొదలుపెడతామనీ చెప్పింది. షేరు ధర ఒక్కసారిగా పైకి లేచింది. తరువాత వచ్చిన ప్రకటనలో అడుగు పొర నుంచి నీళ్లూ కొద్దిగా గ్యాసూ వచ్చాయని ఉంది. అయిదు రోజుల కిందట వచ్చిన మూడో ప్రకటనలో నడిమి పొర నిలకడగా పారలేదనీ, పై పొరను పరీక్షకు సిద్ధం చేస్తున్నామనీ ఉంది. ధర లేచినదానికంటే ఎక్కువగా పడిపోయింది. మా బావమరిది వైశాఖంలో చేయబోయే కూతురి పెళ్లికి దాచిన డబ్బులో కొంత ఇందులో పెట్టాడు. నన్ను అడిగి పెట్టలేదు. అడిగితే వద్దనేవాణ్ణి.

నేనూ కొన్ని షేర్లు కొన్నాను, అయితే పోయినా ఇల్లు గడిచేటంత మేరకే. నేను కొన్న కారణం వేరు. బావుల్లోకి తీగ మీద పరికరాలు దింపి, రాతి పొరల లక్షణాలను కాగితం మీదికి ఎక్కించే లాగింగ్ ఇంజనీరుగా నేను ముప్పయ్యేళ్లకు పైగా పనిచేశాను. 1978లో నరసాపురం దగ్గర తొలి బావి తవ్వి గ్యాసు కనుగొన్న తరువాత గోదావరి జిల్లాల్లో రిగ్గుల (బావులు తవ్వే యంత్రాల) సందడి పెరిగింది, ఆ సందడిలోనే నా ఉద్యోగ జీవితం నడిచింది. ఇప్పుడు ఈ కంపెనీ తవ్విన చోటికి కూతవేటు దూరంలో 1986 వేసవిలో నేను ఒక బావికి లాగింగ్ చేశాను. ఆ బావిలోని పై ఇసుక పొరను పరీక్షించాలని నివేదికలో రాశాను. పరీక్షించలేదు. ఇప్పుడు పరీక్షకు సిద్ధమవుతున్న పై పొర, నా అంచనా ప్రకారం, అదే ఇసుక.

ముందుగా జాడ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మొదటి ప్రకటన చదివి డబ్బు పెట్టినవాళ్లందరూ ఆ మాటనే నమ్ముకున్నారు. తవ్వేటప్పుడు పైపుల గుండా లోపలికి పంపే మడ్డు అనే బురదలాంటి ద్రవం, బిట్టు కొరికిన రాతి ముక్కలను వెంటబెట్టుకుని పైకి వస్తుంది. ఆ ముక్కలు గోధుమరవ్వ అంత నుంచి పెసరబద్ద అంత దాకా ఉంటాయి. వాటిని జల్లెడలో కడిగి, చిన్న పళ్లెంలో పరిచి, నల్లటి పెట్టెలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తారు. నూనె తగిలిన ఇసుక రేణువులు ఆ చీకట్లో పసుపుగానో, బంగారు వన్నెతోనో, నీలం కలిసిన తెలుపుతోనో వెలుగుతాయి. వాటి మీద ఒక్క చుక్క ద్రావకం వేస్తే రేణువు లోపలినుంచి పాలలాంటి వెలుగు తీగలు తీగలుగా చుట్టూ వ్యాపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఆ రాత్రి నిద్రపట్టలేదు. కానీ అదే దీపం కింద పైపు జాయింట్లకు పూసే గ్రీజు కూడా వెలుగుతుంది, కొన్ని ఖనిజాలూ వెలుగుతాయి. నిజంగా నూనె వల్ల వచ్చిన వెలుగే అయినా, ఒకప్పుడు అక్కడ ఉండి వెళ్లిపోయిన నూనె మిగిల్చిన మరక కూడా అలాగే వెలుగుతుంది. 1983లో అలాస్కా తీరానికి ఆవల సముద్రంలో తవ్విన ముక్లుక్ బావి దీనికి పేరుపడ్డ ఉదాహరణ. హక్కులకూ తవ్వకానికీ కలిపి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఆ బావిలో నూనె మరకలు దొరికాయి, నూనె మాత్రం ఎంతో కాలం కిందటే అక్కడినుంచి జారిపోయింది, మిగిలింది ఉప్పునీళ్లు.

జాడ తరువాత లాగు, అంటే బావిలోకి దింపిన పరికరం లోతు వెంట తీసిన కొలతల గీతలు. రాతిలోని రంధ్రాల్లో ఉప్పునీళ్లుంటే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది, నూనె ఉంటే అడ్డుపడుతుంది. 1927లో ఫ్రాన్సులోని పెషెల్‌బ్రాన్ క్షేత్రంలో ష్లంబర్జర్ సోదరుల బృందం మొట్టమొదటి లాగు తీసినప్పటినుంచీ, 1942లో ఆర్చీ అనే అమెరికన్ ఆ నిరోధం నుంచి రంధ్రాల్లో ఎంత నీరు ఉందో లెక్కగట్టే సూత్రం ఇచ్చినప్పటినుంచీ మా వృత్తి ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. ఆ సూత్రం శుభ్రమైన ఇసుకకు చక్కగా కుదురుతుంది. గోదావరి డెల్టాలో మాత్రం ఎన్నో చోట్ల ఇసుకా బంకమట్టీ పూతరేకుల్లా ఒకదాని మీద ఒకటి అంగుళాల మందంతో పరచుకుని ఉంటాయి. ఆనాటి మా పరికరం అడుగుల మందం మీద సగటు మాత్రమే చూపగలిగేది. బంకమట్టిలో ఇరుక్కున్న నీటి వల్ల నిరోధం తక్కువగా కనబడుతుంది, దాంతో మధ్యనున్న ఇసుక రేకుల్లో నూనె నిండి ఉన్నా ఆ పొర మొత్తం నీటి పొరలా కనిపిస్తుంది.

1986లో జరిగింది సరిగ్గా అదే. పై పొర దగ్గర నిరోధం తక్కువగా ఉంది, అయినా తవ్వేటప్పుడు ఆ లోతులో గ్యాసు సూచి బాగా పైకి లేచింది, రాతి ముక్కలు ఆ పెట్టెలో వెలిగాయి. ఈ రెండింటికీ పొంతన కుదరడం లేదు కాబట్టి పరీక్ష చేసి తేల్చుకోవాలని నేను రాశాను. నా పైఅధికారి చెడ్డవాడు కాడు, నా మాట వినలేదనీ అనలేను. రిగ్గు అవసరం ఇంకోచోట ఉంది, వర్షాలు మొదలైతే దాన్ని పొలాల్లోంచి బయటికి తీయడం కష్టం, లాగు నీళ్లని చెబుతున్నప్పుడు ఒక కుర్ర ఇంజనీరు అనుమానం కోసం మరో పది రోజులు ఖర్చు పెట్టడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. సిమెంటు ప్లగ్గులు వేసి బావిని మూసేశారు. నివేదికలో నా వాక్యం అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం జీపు వెనక సీట్లో కూర్చుని ఆ లోతునూ, గ్యాసు అంకెనూ, వెలుగు రంగునూ నా సొంత డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఈ చిన్న కంపెనీ ఆ చోటికి ఎలా వచ్చిందో నేను ఊహించగలను. దేశంలో అంతకుముందు సేకరించిన భూగర్భ సమాచారాన్ని ఒకచోట చేర్చి 2017లో నేషనల్ డేటా రిపాజిటరీని ప్రారంభించారు. దానికి ముందు ఏడాది వచ్చిన కొత్త లైసెన్సు విధానంలో, ఆ సమాచారం చూసుకుని తమకు నచ్చిన ప్రాంతాన్ని కంపెనీలే గీసుకుని అడగవచ్చు. నేను తీసిన లాగు కూడా ఆ కుప్పలో చేరే ఉంటుంది. నలభై ఏళ్ల తరువాత ఎవరో ఒక కుర్ర జియాలజిస్టు ఆ కాగితం మీద గీతలను, మట్టినీ ఇసుకనూ విడివిడిగా చూపగల ఇప్పటి పరికరాల కళ్లతో చదివి, ఇక్కడ మళ్లీ చూద్దామని తన పైవాళ్లను ఒప్పించి ఉంటారు. ఆ పిల్లవాడో పిల్లో ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్ల మీద నాకు సొంత బిడ్డ మీద ఉన్నంత మమకారం ఉంది.

ఇక పరీక్ష సంగతి. కేసింగ్ పైపు, దాని వెనక సిమెంటు ఉన్న బావిలో రాయికీ మనకూ మధ్య గోడ ఉన్నట్టే. ముందుగా ఆ సిమెంటు పొరకూ పొరకూ మధ్య సందు లేకుండా పట్టిందో లేదో ఇంకో లాగు తీసి చూడాలి, ఎందుకంటే సందుంటే పై పొరలోని నీళ్లు కింది పొర పరీక్షలోకి చొరబడి అబద్ధపు ఫలితం ఇస్తాయి. తరువాత పేలుడు పదార్థం అమర్చిన గన్నులను దింపి, ఆ పొర ఎదుట కేసింగ్‌కూ సిమెంటుకూ రాయికీ కలిపి రంధ్రాలు చేస్తారు. రబ్బరు ప్యాకర్ ఉబ్బించి ఆ పొరను మిగతా బావి నుంచి వేరుచేసి, లోపలున్న వాల్వు తెరుస్తారు. పరీక్షలు అడుగు నుంచి పైకి జరుగుతాయి. కింది పొర సంగతి తేలాక దాని మీద ప్లగ్గు వేసి పైదానికి వస్తారు. అందువల్ల మొదటి రెండు పొరలు నిరాశ కలిగించినంత మాత్రాన మూడోది కూడా అలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. మూడు పొరలూ ఒకే బావిలో ఉన్నా వాటి పుట్టుకలు వేరు, వాటిని కప్పిన షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) మూతలు వేరు. ధర పడిపోయిన రోజున అమ్ముకున్నవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసోనని నాకు బాధగా ఉంది. అలాగని ఉంచుకోమని కూడా నేను ఎవరికీ చెప్పలేదు.

వాల్వు తెరిచిన క్షణం ఎలా ఉంటుందో మా బావమరిదికి చెబితే కాఫీ చల్లారిపోయింది. పైనుంచి ఒక సన్నటి గొట్టం తెచ్చి దాని కొసను నీళ్ల బకెట్లో ముంచుతారు. మామూలు ప్లాస్టిక్ బకెట్టే. కోట్ల రూపాయల బావి చుట్టూ ఉన్న ఇంజనీర్లందరూ ఆ బకెట్ చుట్టూ చేరి వంగి చూస్తారు. రెండు వేల మీటర్లకు పైగా లోతులో పొర కదిలితే పైపులోని గాలి ముందుకు తోసుకొచ్చి బకెట్లో బుడగ లేస్తుంది. మొదట ఒకటి, కాసేపటికి ఇంకొకటి. మంచి పొరైతే నిమిషాల్లో బకెట్ అన్నం ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతుంది. బలహీనమైన పొరైతే బుడగకూ బుడగకూ మధ్య అర నిమిషం, నిమిషం, చివరికి ఏమీ ఉండదు. బుడగలు ఆగిపోయాక కూడా ఇంకా ఆ నీళ్లలోకే చూస్తూ నిలబడ్డ మనుషులను నేను చాలాసార్లు చూశాను, నేనూ నిలబడ్డాను.

నీళ్లు వచ్చాయని అంటే కూడా వెంటనే ఆశ వదులుకోనక్కరలేదు. తవ్వేటప్పుడు మడ్డులోని నీరు రాతిలోకి ఇంకిపోతుంది, పరీక్షలో ముందుగా తిరిగి వచ్చేది అదే. దాన్ని గుర్తుపట్టడానికి సైటు మీదే పరీక్ష ఉంటుంది. నీటి నమూనాలో పొటాషియం క్రోమేట్ వేస్తే నిమ్మపండు పసుపు వస్తుంది, ఆ పైన సిల్వర్ నైట్రేట్ బొట్టుబొట్టుగా వేస్తూ పోతే ఒక బొట్టు దగ్గర అది ఇటుకరంగుకు మారుతుంది. ఎన్ని బొట్లు పట్టిందో దాన్నిబట్టి ఉప్పు ఎంతో తెలుస్తుంది. మంచినీటితో కలిపిన మడ్డయితే దాని నీటిలో ఉప్పు తక్కువ, పొరలోని అసలు నీటిలో ఎక్కువ. గంటగంటకూ ఉప్పు పెరుగుతూ పోయి ఒకచోట నిలిచిందంటే ఆ నీరు పొరదేనని అర్థం. అడుగు పొర విషయంలో కంపెనీ ఈ వివరం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేది. చిన్న కంపెనీల ప్రకటనల్లో నాకు కనిపించే లోపం ఇదే, జాడలు కనిపించినప్పుడు పేరాలు పేరాలు రాస్తారు, నీళ్లు వచ్చినప్పుడు ఒక వాక్యంతో ముగిస్తారు.

బాగా పారిన బావి విషయంలో కూడా తొందరపడకూడదని నాకు నేర్పిన రాత్రి ఒకటుంది. తొంభైల మొదట్లో ఒక బావి సాయంత్రం ఆరింటికి పారడం మొదలుపెట్టి తెల్లవారేదాకా ఆగకుండా పారింది. రోజుకు ఇన్ని బ్యారెళ్లని లెక్క కట్టుకుని అందరం పొంగిపోయాం. మా బృంద నాయకుడు పొద్దున్నే ఆత్రేయపురానికి బండి పంపి పూతరేకులు తెప్పించాడు, కాగితం పొట్లాల్లో రిగ్గు మీది కూలీల దాకా అందరికీ పంచాం. తరువాత బావిని మూసి, లోపల ప్రెషర్ కొలిచే గేజ్‌ను రెండు రోజులు అలాగే ఉంచి పైకి తీశాం. మొదట్లో పొరలో ఉన్న ప్రెషర్ ఎంతో, మూసి ఉంచిన తరువాత తిరిగి చేరిన ప్రెషర్ ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే, చదరపు అంగుళానికి దాదాపు 200 పౌండ్లు తక్కువ. చెరువులోంచి పది బిందెలు తోడితే మట్టం మారదు, కుండలోంచి రెండు చెంబులు ముంచితే తెలిసిపోతుంది. మేం కుండను కనుగొన్నాం. కొన్ని నెలలకే ఆ బావి పారడం మానేసింది.

అప్పటినుంచీ ఏ ప్రకటన చదివినా బ్యారెళ్ల అంకె నాకు చివర కనబడుతుంది. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు, అది తేలికే. ఎన్ని గంటలు పారితే ఆ రోజువారీ అంకె వచ్చింది, ఏ చోక్ మీద వచ్చింది, పైపు ముఖం దగ్గర ప్రెషర్ నిలబడిందా పడుతూ పోయిందా, నీటి శాతం ఎంత, మూశాక ప్రెషర్ మొదటి చోటికి తిరిగి వచ్చిందా అన్నవి ముందు చూడాలి. చోక్ అంటే ప్రవాహాన్ని అదుపు చేసే రంధ్రం, దాన్ని అంగుళంలో అరవై నాలుగో వంతుల్లో కొలుస్తారు. 16 మీద 300 బ్యారెళ్లు ఇచ్చే బావి, 64 మీద 600 ఇచ్చే బావి కంటే చాలా బలమైనది, ప్రకటనలో మాత్రం రెండోదే పెద్దగా కనిపిస్తుంది. ఈ ఒక్క పేరా మా బావమరిది క్యాలెండరు కాగితం వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పరీక్షలు పూర్తికాకముందే పెద్ద అంకెలు చెప్పడం వల్ల ఏమవుతుందో మన కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్‌లోనే ఒకసారి చూశాం. 2005లో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ కాకినాడకు ఆవల సముద్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని ప్రకటించింది. ఆ పొరలు చాలా లోతు, చాలా వేడి, చాలా బిగువు. తరువాతి బావులూ పరీక్షలూ జరిగేకొద్దీ చివరికి అభివృద్ధి ప్రణాళికలో నిలిచిన నిల్వ ఆ అంకెలో చిన్న భాగమే అయింది, 2017లో ఆ క్షేత్రంలో 80 శాతం వాటా ఓఎన్‌జీసీ చేతికి వెళ్లింది. మా బావమరిది దీనికి బదులుగా రాజస్థాన్ సంగతి ఎత్తుతాడు. అదీ నిజమే. బాడ్మేరు ఎడారిలో పెద్ద కంపెనీ షెల్ తన వాటా అమ్ముకుని వెళ్లిపోయాక, చాలా చిన్నదైన స్కాట్లండు కంపెనీ కెయిర్న్ 2004 జనవరిలో మంగళ క్షేత్రాన్ని కనుగొంది. అయితే అక్కడి నూనె మైనం ఎక్కువై మామూలు వేడిలో గడ్డకట్టిపోతుంది, దారి పొడవునా వేడిచేసే పైపులైను వేయవలసి వచ్చింది. మొదటి నూనె బయటికి పారింది 2009 ఆగస్టులో. పరీక్ష బ్రహ్మాండంగా జరిగినా అయిదున్నరేళ్లు పట్టింది. వైశాఖంలో పెళ్లి పెట్టుకున్న ఇంటికి మంగళ కూడా ఆలస్యమే అయి ఉండేదని అతనికి చెప్పవలసి వచ్చినప్పుడు నా గొంతు సరిగా రాలేదు.

ఒకరోజు అతను మెల్లగా, "మీ దగ్గర పనిచేసిన కుర్రాడొకడు ఇప్పుడు ఆ పరీక్ష చేసే కాంట్రాక్టు కంపెనీలోనే ఉన్నాడు కదండీ, ఒక్క ఫోను..." అన్నాడు. చేయనని చెప్పాను. లోపలి సమాచారంతో షేర్లు కొనడం అమ్మడం మీద షేరు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం చెప్పినవాడిదీ తప్పే, విన్నవాడిదీ తప్పే. నిబంధన లేకపోయినా నేను చేసేవాణ్ణి కాను. ఆ కుర్రాడు నన్ను ఇప్పటికీ "సార్" అంటాడు, నా ఫోను ఎత్తి ఏమీ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక అతను పడే ఇబ్బందిని నేను తలచుకోలేను. మా బావమరిది నొచ్చుకున్నాడు, రెండు రోజులు రాలేదు. మూడోరోజు మళ్లీ వచ్చాడు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పార్కులో నాతో నడిచే మిత్రులొకరు తంజావూరు ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వారు. వారి ప్రశ్న వేరు. "పొలాల మధ్య మీకా మంట ఎందుకండీ?" అంటారు. కావేరి డెల్టాను 2020లో తమిళనాడు ప్రభుత్వం రక్షిత ప్రత్యేక వ్యవసాయ మండలంగా ప్రకటించి కొత్త చమురు తవ్వకాలను నిషేధించింది, వారికి అది న్యాయంగా తోస్తుంది. నేను వారితో వాదించను. 1995 జనవరి 8న పాసర్లపూడిలో అదుపు తప్పిన బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. కోనసీమలో పుట్టినవాళ్లెవరూ ఈ రెండు తేదీలను మరచిపోలేదు. వాల్వు ఎప్పుడు తెరవాలో, రాత్రిపూట తెరవవచ్చో లేదో, చుట్టూ ఉన్న ఇళ్లకు ముందుగా చెప్పారో లేదో అనేవి పరీక్షలో భాగాలే. ఆలస్యానికి కారణం అటువంటి జాగ్రత్త అయితే ఇంకో నెలైనా ఆగడానికి నేను సిద్ధం.

బావికి కిలోమీటరున్నర దూరంలో మా చిన్నాన్నగారి అబ్బాయి ఉంటాడు. మొన్న రాత్రి తొమ్మిది దాటాక అతని దగ్గరనుంచి ఫోను వచ్చింది. "అన్నయ్యా, మంట వెలిగింది. మా డాబా మీదినుంచి కొబ్బరిచెట్ల తలలు ఎర్రగా కనబడుతున్నాయి" అన్నాడు. ఊరంతా డాబాల మీద నిలబడి చూస్తున్నదాన్ని అడగడంలో తప్పులేదనిపించి, పొగ ఎలా ఉందని అడిగాను. మొదట తెల్లగా ఆవిరిలా ఉండి మంట కొట్టుమిట్టాడిందనీ, గంట తరువాత నల్లగా మారిందనీ చెప్పాడు. బావిలో నిలిచిన నీళ్లూ మడ్డూ బయటికి వచ్చేదాకా అంతా గోతిలోకే వదిలి కాలుస్తారు, నీళ్లుంటే తెల్లటి ఆవిరి, గ్యాసు ఒక్కటే అయితే పొగలేని మంట, నూనె కలిస్తే నల్లటి మసి పొగ. నల్లగానే ఉందా అని మళ్లీ అడిగాను. "ఆరేసిన పంచె మీద మసి రాలిందన్నయ్యా" అన్నాడు. లేచి బీరువాలోంచి 1986 డైరీ తీశాను, ఆ పేజీ చదువుకున్నాను, మా ఆవిడ లైటు ఆపమనేదాకా కూర్చున్నాను.

తెల్లవారేసరికి పొగ పలచబడి మంట నిలకడగా పసుపుపచ్చగా ఉందట, నూనెను సెపరేటర్ గుండా ట్యాంకుల్లోకి మళ్లించి గ్యాసును మాత్రమే కాలుస్తున్నారని నేను అనుకున్నాను. ఆ పగలంతా, మరుసటి రాత్రి కూడా వెలిగింది. ఈ రోజు తెల్లవారుజామున నాలుగింటికి ఆరిపోయింది. ఆ సంగతి చెప్పగానే మా బావమరిది ముఖం పాలిపోయింది. "ఆరిపోయిందంటే అయిపోయినట్టేనా బావగారూ?" అన్నాడు. వాల్వు మూసి ఉంటారని, ఇప్పుడు లోపల గేజ్ ఒక్కటే పనిచేస్తూ ప్రెషర్ ఎంతవరకు తిరిగి లేస్తోందో సెకను సెకనుకూ రాసుకుంటోందని, దాన్ని పైకి తీసేదాకా రిగ్గు మీద ఉన్నవాళ్లకు కూడా తెలియకపోవచ్చని, పూతరేకుల బావిలో మాకు నిజం తెలిసింది ఈ దశలోనేనని చెప్పాను. ఎంతసేపు మూస్తారని అడిగాడు. పారిన సమయానికి రెట్టింపైనా మూస్తారన్నాను. జేబులోంచి క్యాలెండరు కాగితం తీసి, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా వేళ్లతో లెక్కపెట్టి, ముప్పయ్యొక్క గంటలని రాసి, కింద అరవై రెండు అని వేసి, "అంటే శుక్రవారం సాయంత్రం" అన్నాడు.

ఆ తరువాత ఇంకో చోక్ మీద మళ్లీ తెరుస్తారు. మంట తిరిగి వెలిగితే ఏ వేళైనా సరే ఫోను చేయమని తమ్ముడికి చెప్పాను.